చేపల బండికి గ్యాసు

పోయిన వారం వినోదను మనం మేడ్చల్ పోయే బస్సులో కిటికీ పక్కన వదిలిపెట్టాం. శామీర్‌పేట చెరువులో మామ పర్వతాలు పట్టిన చేపల్ని భర్త దేవేందర్ వ్యాన్‌లో వేసుకుపోయి, పేట్ బషీరాబాద్‌లో రోడ్డు పక్కన కూర్చుని అమ్మే మనిషి ఆమె. తుర్కపల్లి ల్యాబులకు ఉద్యోగుల్ని తిప్పే కాంట్రాక్టరు ఫణిభూషణ్, వచ్చే నెల నుంచి గ్యాస్ బండి ఉన్నవాళ్ళకే డ్యూటీ అని దేవేందర్‌తో తేల్చి చెప్పాడు. పెట్రోల్ బండికి గ్యాస్ కిట్ పెట్టిస్తానని దేవేందర్ పట్టుబట్టాడు. వెనక సిలిండర్ పెడితే చేపల డబ్బాలు ఎక్కడ పెట్టాలని వినోద అడ్డం పడింది. వారం రోజులు ఇద్దరూ ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహంగా తిరిగారు. ఆ పొద్దున దేవేందర్ చెప్పకుండానే బండి తీసుకుపోయి, మేడ్చల్‌లోని కిట్టు షెడ్డు నుంచి ఫోన్ చేశాడు. "నువ్వొకసారి రా. ఇది నువ్వు సూడాలె" అన్నాడంతే.

బస్సు మేడ్చల్ చేరే ముందు గ్యాస్ బంకు దగ్గర నెమ్మదించింది. బంకు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా ఆటోలు, వ్యాన్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక డ్రైవరు తలుపు తెరుచుకుని కాళ్ళు బయటికి చాపి నిద్రపోతున్నాడు. ఇంకొకతను డిక్కీ మీద టిఫిన్ డబ్బా విప్పుకుని నింపాదిగా తింటున్నాడు, పక్కవాడికి పచ్చడి పెడుతున్నాడు. లైను కదిలినప్పుడల్లా అందరూ బండ్లు స్టార్ట్ చెయ్యకుండా చేత్తోనే ముందుకు తోసుకుంటున్నారు. వినోద ఆ వరస చూసి, రేపు తన మొగుడూ ఇట్లనే నిలబడతాడు కదా అనుకుంది. ఆ మాట మొగుడి ముందు పెట్టాలని మనసులో దాచుకుంది కూడా. వారం రోజులుగా ఆమెకు అదే పని అయింది, గ్యాస్‌కు ఎదురు చెప్పే మాటలు ఏరుకోవడం.

షెడ్డులో బండి వెనక తలుపు ఎత్తి ఉంది. వెనక సీటు విప్పి గోడకు ఆనించారు. దేవేందర్ చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. మిస్త్రీ రామయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, కూర్చోమని స్టూలు చూపించాడు. వినోద కూర్చోలేదు.

రామయ్య బండిలో పరిచిన మందపాటి రబ్బరు మ్యాటు పట్టుకుని ఒక పక్క నుంచి చాపలా చుట్టేశాడు. కింద రేకు ఉండాల్సిన చోట ఎర్రటి పొరలు పొరలుగా ఏదో ఉంది. పాత రొట్టెలా ఉబ్బి ఉంది. అతను స్క్రూ డ్రైవరు మొనతో ఒక్కసారి నొక్కాడు. అది తడిసిన అట్టలోకి దిగినట్టు దిగిపోయింది. తీస్తే ఆ కన్నంలోంచి షెడ్డు నేల కనబడింది.

"ఐస్ నీళ్ళు అక్కా" అన్నాడు రామయ్య. "డబ్బాలకెల్లి కారి కారి మ్యాటు కిందికి వోయినయ్. ఎన్నేండ్లాయె మీరు చేపలేసుడు?"

ఆ నీళ్ళు కారడం వినోదకు తెలుసు. ఇంటికి రాగానే బకెట్టు నీళ్ళు గుమ్మరించి బండి కడిగేది తనే. మ్యాటు తళతళా మెరిసేదాకా కడిగేది. కింద ఏముందో ఎన్నడూ ఎత్తి చూడలేదు.

సిలిండరు సరిగ్గా ఈ రేకు మీదనే బోల్టులతో బిగించాలని రామయ్య చెప్పాడు. నిండిన సిలిండరు ఒక పెద్ద మనిషంత బరువుంటుంది. గతుకులో బండి ఎగిరితే ఆ బరువంతా ఈ బోల్టుల మీదే పడుతుంది. ఈ రేకు మీద తను పెట్టడు, పెట్టే షెడ్లు మేడ్చల్‌లో లేకపోలేదు, పోతామంటే ఆపడు. అయితే ఒక దారి ఉంది. చెడినంత మేర కోసేసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, అడుగున ఇనుప పట్టీలు వేసి, దాని మీద సిలిండరు పెట్టొచ్చు. ఆ తర్వాత బండి కాగితాల్లో గ్యాస్ అని ఎక్కించుకోవాలి, మూడేళ్ళకోసారి సిలిండరు పరీక్ష చేయించాలి. ఇవన్నీ మామూలే.

"అట్ల జేసినంక డబ్బాలు నడిమి సీట్లకాడ పెట్టుకోవచ్చు గదా" అంది వినోద. ఈ ఏర్పాటు ఆమె బస్సులోనే ఆలోచించుకుంది. మెట్టు దిగాల్సి వస్తే ఎక్కడిదాకా దిగాలో చూసుకుంది.

రామయ్య తల అడ్డంగా ఊపాడు. "సిలిండర్ పెట్టినంక ఆ బండ్ల నీళ్ళ బొట్టు పడొద్దక్కా. చేపల నీళ్ళు అసలే వద్దు. యాడ పోసినా అడుక్కే వస్తయ్. రొండేండ్లల్ల మళ్ళ గిట్లనే అయితది, గప్పుడు దాని మీద సిలిండర్ ఉంటది, ముంగట మనుషులుంటరు."

దేవేందర్ అప్పుడు నోరు తెరిచాడు. గ్యాస్ వల్ల లాభమా నష్టమా, ఆ సంగతి తన భార్యకు చెప్పమన్నాడు. తను చెబితే వినదన్నాడు.

రామయ్య కాసేపు ఆలోచించి, చెప్పాల్సింది వినోదకే చెప్పాడు. అందరూ వచ్చి గ్యాస్ మంచిదా కాదా అని అడుగుతారు, బండి ఎంత తిరుగుతుందో మాత్రం చెప్పరు. శామీర్‌పేట నుంచి పేట్ బషీరాబాద్‌కు పొద్దున పోయి సాయంత్రం వచ్చే బండికి గ్యాస్ దండగ. పెట్టిన ఖర్చు తిరిగి రావడానికి బండే ముసలిదైపోతుంది. బంకు కాడ లైనులో కూర్చున్న పొద్దు వేరే. ఎత్తు మీద లాగుడు కాస్త తగ్గుతుంది. అదే కొంపల్లి నుంచి తుర్కపల్లికి పొద్దున రెండు, సాయంత్రం రెండు ట్రిప్పులు కొట్టే బండికైతే పెట్రోల్ పోయించుడే దండగ. ఏడాది తిరిగేలోపు తేడా తెలిసిపోతుంది.

"లెక్క బండిది కాదక్కా, తిరుగుడుది" అన్నాడు. "మీ బండి దేనికి తిరగాలెనో మీరు జెప్పుండ్రి. రొండు పనులకు ఒక్క బండి గాదు."

రేపు పొద్దున లోపు చెప్పండని, అప్పటిదాకా బండి అక్కడే ఉంటుందని అతను ఇంకో బండి దగ్గరికి పోయాడు. మొగుడూ పెళ్ళాం ఆ కన్నం పక్కన చాలాసేపు నిలబడ్డారు. బంకు దగ్గర లైను గురించి వినోద దాచుకున్న మాట ఎందుకో బయటికి రాలేదు. దేవేందర్ గొంతు తగ్గించి అన్నాడు, ఏండ్ల నుంచి ఎవరు పిలిస్తే వాళ్ళకు కిరాయి కొడుతున్నాడట, ఒక రోజు ఉంటే మూడు రోజులుండదట, నెల నెలా ఒక చోట నుంచి వచ్చే పని మళ్ళీ దొరకదట. అతను వాదిస్తున్నట్టు అనలేదు. అడుగుతున్నట్టు అన్నాడు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"మామను అడగాలె" అంది వినోద.

"నాయిన నన్నేమంటడు? ఏమనడు. గదే నా బాధ" అన్నాడు దేవేందర్.

ఆమె ఒక్కతే బస్సెక్కి తిరిగొచ్చింది.

ఇంటి ముందు నీడలో పర్వతాలు కాళ్ళు చాపుకుని కూర్చుని, వల ఒడిలో వేసుకుని చిరుగు అల్లుతున్నాడు. ఒక కొసను బొటనవేలికి తగిలించుకుని, రెండో కొస పళ్ళతో పట్టుకుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. మాట తక్కువ. భార్య పోయినప్పటి నుంచి మరీ తగ్గింది. వినోద ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన అలికిడికే కొంగు సర్దుకునేది. ఇప్పుడు ఆయన తాగే చాయలో చక్కెర ఎంతో, కొడుక్కంటే ఆమెకే బాగా తెలుసు. ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళు చాలామంది చెరువు కట్ట మీదికి వచ్చే సేటు బండికే తూకం వేసి, వాడు చెప్పిన ధరకు ఇచ్చేస్తారు. పర్వతాలు పట్టిన చేపలు మాత్రం టీవీఎస్ మీద ఇంటికి వచ్చి, అక్కడి నుంచి కోడలి చేతి మీదుగా పేట్ బషీరాబాద్ పోతాయి. ఆ ఏర్పాటు వినోదదే. దాని మీద ఆమెకు గర్వం ఉంది. అపార్టుమెంట్ల నుంచి వచ్చే ఆడవాళ్ళు చేప మొప్పలు ఎత్తి చూస్తూ, ఎక్కడివి ఇవి అని అడిగినప్పుడు, "మా మామ పట్టినయ్. పొద్దుగాల చెరువుల ఉన్నయ్" అని చెప్పేటప్పుడు ఆమె గొంతే మారిపోతుంది.

మిస్త్రీ ఏమన్నాడని ఆయనే అడిగాడు. వినోద పక్కనే గడప మీద కూర్చుని అంతా చెప్పింది. రేకు సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు సన్నబడింది, తనే ఏదో పాడుచేసినట్టు. గ్యాసో చేపలో ఏదో ఒకటే అని మిస్త్రీ అన్నది కూడా దాచలేదు. ఆటో ట్రాలీ మాట్లాడుదామా అంటే రెండు డబ్బాలకు వాడు రాడనీ, బస్సులో చేపలు ఎక్కనివ్వరనీ చెప్పింది. చివరికి, తనకైతే బండి ఎట్లున్నది అట్లనే ఉండాలని ఉందని చెప్పింది.

పర్వతాలు పళ్ళ మధ్య దారం తీసి కింద పెట్టాడు.

"ఎందుకు?"

"నువ్వు పట్టిన చేపలు సేటు కాళ్ళకాడ వోసుడు నాకిష్టం లేదు మామా."

వీధిలో సిమెంటు లారీ ఒకటి పోతే ఆ దుమ్ము అణిగేదాకా ఆయన ఆగాడు. తర్వాత, రోజూ మాట్లాడే మామూలు గొంతుతోనే చెప్పాడు.

"బిడ్డా, నేను వానకాలం సంది వల ఇసురుతలేను."

వినోదకు అర్థం కాలేదు.

"రెక్క లేస్తలేదు. తెప్ప మీద కూసుంటే కండ్లు తిరుగుతున్నయ్. నాతోటి చెరువుల దిగే ఇస్తారి చేపలు పడుతున్నడు. ఆయనకాడ కొంటున్న. వల నీళ్ళల్ల ముంచి, భుజానేసుకొని వస్తున్న. మీకు జెప్పనీకి మనసొప్పలే."

ఆయన కుడి చెయ్యి లేపబోయాడు. అది ఛాతీ దాకా వచ్చి ఆగింది. పళ్ళు బిగించి మళ్ళీ దించుకున్నాడు.

వినోద ఆ చేతి వంకే చూసింది. వానల నుంచి ఆయన రాత్రి పడుకునే ముందు భుజానికి జిందాతిలిస్మాత్ మందు రాయించుకుంటున్నది నిజం. టీవీఎస్ మీది నుంచి డబ్బా దించడానికి దేవేందర్‌ను పిలుస్తున్నది నిజం. అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి, తనే కలుపుకోలేదు. ముందు ఆమెకు సిగ్గేసింది. అన్ని రోజులు, అంతమంది ఆడవాళ్ళకు, మా మామ పట్టినయ్ అని తను చెప్పిందంతా ఏమైనట్టు? ఆ సిగ్గు కిందనే ఇంకొకటి కదిలింది. అది తేలిక. ఇక ఎండలో తడి గోనె కప్పుకున్న డబ్బాల పక్కన కూర్చోనక్కర్లేదు, పోలీసు వచ్చి లేపితే లేచి, పోయాక మళ్ళీ కూర్చోనక్కర్లేదు, చేతుల వాసన పోవడానికి నిమ్మతొక్క రుద్దుకోనక్కర్లేదు. వారం రోజులుగా ఎవరి కోసం పోట్లాడుతున్నానని ఆమె అనుకుందో, ఆ మనిషే వదిలెయ్యమంటున్నాడు. ఆ తేలిక తెలిసినందుకు ఆమెకు తన మీదే కోపమొచ్చింది.

"మరి నువ్వేం జేస్తవ్ మామా, ఇంటికాడ కూసొని?"

"కూసుంట. ఎవ్వరు కూసోరా?" అన్నాడు పర్వతాలు. వల మడిచి పక్కన పెట్టాడు. "దేవేందర్‌కు గీ సంగతి జెప్పకు. వాడు పరేషాన్ అయితడు. గ్యాస్ పెట్టియ్యమను. వానికొక దారి దొరుకుతాంది, మనమెందుకు అడ్డం?"

వినోద లేచి లోపలికి పోయి, పొయ్యి మీద చాయ పెట్టింది. మరిగేదాకా అక్కడే నిలబడి ఆలోచించింది. చాయ ఆయన చేతికిచ్చి, ఫోన్ తీసుకుని ఇంటి వెనక్కి నడిచింది.

"పెట్టియ్యి" అంది, అతను ఎత్తగానే.

దేవేందర్ సంతోషపడతాడనుకుంది. అతను మాత్రం, నాయిన ఏమన్నాడని అడిగాడు.

"మంచిదే అన్నడు."

"నిజంగనా?"

"నిజంగనే" అంది వినోద. అది అబద్ధం కాదు కదా.

ఆ రాత్రి తండ్రి పడుకున్నాక ఇల్లు చేరిన దేవేందర్, మర్నాడు పొద్దున మొదటి బస్సుకే మళ్ళీ మేడ్చల్ పోయాడు. పర్వతాలు ఎప్పటిలాగే చీకటితో లేచి వెళ్ళాడు. అలవాటైన ప్రాణం, కట్ట మీద పోయి కూర్చుంటాడనుకుంది వినోద. బండి లేని పొద్దు ఇల్లంతా చేతికి పని దొరకనట్టుగా ఉంది. వంట అయింది, ఊడ్చడం అయింది, ఐస్ డబ్బాలు కడిగి బోర్లించడం కూడా అయింది. అవి బోర్లించాక ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. చేపలు పట్టేది ఎట్లాగూ ఇస్తారే అయినప్పుడు, నడుమ మామ దేనికి? ఇస్తారితో తనే మాట్లాడుకుంటే, ఇక్కడే శామీర్‌పేట రోడ్డు మీద, హోటళ్ళ దగ్గర కూర్చోవచ్చు. బండి అక్కర్లేదు, గ్యాస్ అక్కర్లేదు. నెత్తి మీద గంప చాలు. అదీగాక ఇస్తారికి ఒక మంచి మాట చెప్పాలి. ఇన్ని నెలలు మామ గుట్టు కాపాడాడు.

పెళ్ళై వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె పొద్దుటి పూట చెరువు దగ్గరికి పోయింది చాలా తక్కువ. ఆ వేళకు ఎప్పుడూ వంట పనిలోనో, డబ్బాలు సర్దే పనిలోనో ఉండేది. కట్ట ఎక్కేసరికి ఎండ పలచగా పడుతోంది. సేటు బండి అప్పటికే వచ్చి, తూకం వేసుకుని పోయినట్టుంది, నేల తడిగా ఉంది. ఇస్తారి ఒడ్డున థర్మోకోల్ తెప్పను తిరగేసి తాళ్ళు బిగిస్తున్నాడు. పర్వతాలు ఈడువాడే. ఆమెను చూసి, ఇంత దూరం వచ్చిందేమని ఆశ్చర్యపోయాడు.

వినోద ముందు చెప్పాలనుకున్నదే ముందు చెప్పింది. మామకు ఇన్నాళ్ళూ చేపలిచ్చి మంచి పని చేశాడని, ఇక నుంచి తనే వచ్చి తీసుకుంటానని, ధర సేటు కంటే తక్కువ పెట్టనని.

ఇస్తారి తాడు వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"నేనిచ్చిన్నా? ఎవలకు బిడ్డా, మీ మామకా?"

"అవును. వానకాలం సంది."

"నేను పర్వతాలుకు ఒక్క చేప అమ్మలే" అన్నాడు ఇస్తారి. నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు. "నా వలల పడని నాడు ఆయనే నాకు కూరకిస్తడు. ఎవలు జెప్పిన్రు నీకు?"

ఇస్తారి చెయ్యెత్తి చెరువు లోపలికి చూపించాడు. దూరంగా, తుమ్మలు నీళ్ళలో మునిగిన చోటికి ఇవతల, ఒక తెప్ప ఉంది. దాని మీద మోకాళ్ళ మీద ఒక మనిషి. వీపు ఇటువైపు ఉంది. అయినా తలకు చుట్టిన రుమాలు ఆమె ఉతికి ఆరేసిందే. ఆ మనిషి వలను ఎడమ మోచేతి మీదికి మడతలు మడతలుగా తీసుకున్నాడు. ఒళ్ళంతా ఒక పక్కకు తిప్పి, కుడి చెయ్యి తల మీదుగా ఎత్తి విసిరాడు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని, నిండు వెడల్పున నీళ్ళ మీద పడింది. పడిన తర్వాత ఆయన భుజాన్ని ఒకసారి ఎడమ చేత్తో పట్టుకున్నాడు. నొప్పి నిజమే. నొప్పితోనే విసురుతున్నాడు.

"ఇయ్యాల సేటు బండి వోయినంక గూడ ఆగిండు" అన్నాడు ఇస్తారి. "ఎందుకే అంటే, ఇంకో రొండు సార్లు ఇసిరి వస్త అన్నడు."

చేతిలో ఫోన్ మోగింది. దేవేందర్. చాలా రోజుల తర్వాత అతని గొంతులో హుషారు వినబడింది. రామయ్య పొద్దున్నే పని మొదలుపెట్టాడట, తుప్పు పట్టిన రేకంతా కోసి తీసేశాడట, ఇప్పుడు బండిలోకి తొంగి చూస్తే నేల కనబడుతోందట. ఫణిభూషణ్‌కు ఫోన్ చేసి మాట ఇచ్చేశాడట, ఒకటో తారీఖు నుంచి డ్యూటీ. వినోద వింటూ, నీళ్ళ వైపు చూస్తూ నిలబడింది.

"నాయిన ఉన్నడా? ఒకసారియ్యి, నేనే జెప్త" అన్నాడు దేవేందర్.

"మామ పని మీద ఉన్నడు" అంది వినోద.

"ఏం పని?"

అంతలోనే తెప్ప మీద పర్వతాలు వల లాక్కుంటూ ఒడ్డు వైపు తిరిగాడు. ఇస్తారి పక్కన నిలబడ్డ కోడల్ని చూశాడు. లాగుతున్న చేతులు ఆగిపోయాయి. సగం నీళ్ళలో, సగం ఆయన చేతుల్లో, వలలో పడ్డ చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.